పాలరాతి మీద గోనెసంచి

నిన్న పొద్దున నా ఫిజియోథెరపీ క్లినిక్‌లో మొదటి పేరు పిలవకముందే నాకు గోనెసంచి వాసన తగిలింది. తడిసి ఆరిన జనపనార, దాని పోగుల్లో ఇరుక్కున్న పచ్చగడ్డి, కాస్త తవుడు. నిజామాబాదులో మా వీధిలో ఫినాయిలు వాసన, పక్క హోటల్లో ఉల్లిపాయ వేగే వాసన తప్ప ఇంకోటి రాదు. తలెత్తి చూస్తే మెండోర నుంచి వచ్చిన ఒక అవ్వ, మనవరాలిని ఒక చంకనెత్తుకుని, బస్సులో కింద పరుచుకోవడానికి తెచ్చుకున్న సంచిని మడిచి రెండో చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. రెండేళ్ల పిల్ల. పుట్టినప్పుడు పాదాలు లోపలికి తిరిగి ఉంటే పెద్దాసుపత్రిలో కట్లు కట్టి సరిచేశారు. పాదాలు తిన్నగానే వచ్చాయి, పిల్ల మాత్రం నిలబడదు. "కిందికి దించితే సాలు, ఏడుస్తది బిడ్డా. ఏం జేయాల్నో సమజైతలేదు" అంది అవ్వ. నేను పిల్ల కాళ్లు ముట్టుకోలేదు, ఫైలూ తెరవలేదు. "అవ్వా, మీ ఇంట్ల బండలు ఎట్లుంటయి?" అని అడిగాను. కాళ్లు చూడమని వస్తే ఇంటి సంగతి అడుగుతుందేమిటి ఈ డాక్టరమ్మ అన్నట్టు చూసిందామె. ఆ ప్రశ్న నాది కాదు. ఎనిమిదేళ్ల కిందట బోధన్‌లో మా పెరటి గోడ మీంచి ఎల్లవ్వ నన్ను అడిగిన ప్రశ్న అది.

ఎల్లవ్వ గురించి చెప్పాలంటే ముందు నా పరువు నేనే కాస్త తీసుకోవాలి. హైదరాబాదులో ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం చదివి, అనాటమీలో తప్పి, హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చి కూర్చున్నాను. మనిషి ఒంట్లో ఎముకలన్నీ పేర్లతో సహా బట్టీ పట్టినదాన్ని. పరీక్షలో ఒక ఎముక చేతికిచ్చి ఇది కుడి కాలిదా ఎడమ కాలిదా అని అడిగితే నోరు పెగల్లేదు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ ఎముకను బల్ల మీద పెట్టేసి, చెప్పకుండా బయటికి వచ్చేశాను. మళ్లీ రాసే అవకాశం ఉన్నా రాయనని భీష్మించాను. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే తిరిగి అరిచేదాన్ని, ఆ అవకాశం కూడా లేకుండా చేశాడని ఇంకా మండింది.

మాది మా తాతల నాడు కోస్తా నుంచి వచ్చి బోధన్ చుట్టుపక్కల కాలువ కింద భూమి కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. ఇంట్లో గుంటూరు మాట, గడప దాటితే తెలంగాణ మాట. ఆ ముందటేడే నాన్న ఊళ్లో కొత్త ఇల్లు కట్టాడు. హాలంతా తెల్ల పాలరాయి. ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు నేల చూపించేవాడు. "వంగి చూడండి, మొహం కనబడుతుంది" అనేవాడు. అమ్మ రోజుకు రెండుసార్లు తుడిచేది, తుడిచిన నేల మీద మేము కూడా గోడ పట్టుకుని నడిచేవాళ్లం. అలాంటి ఇంటికి నేను చదువు లేకుండా వచ్చాను కానీ ఒట్టి చేతులతో రాలేదు. హాస్టల్ స్నేహితురాలు నెల దాటిన తెల్ల కుందేలు పిల్లను అట్టపెట్టెలో పెట్టి నా చేతికిచ్చింది. పంచదార అని పేరు పెట్టాను. అంత తెల్లటిదాన్ని మట్టిలో వదలడం ఏమిటని హాల్లోనే పెంచాను. అది పాలరాతి మీద జర్రున జారుతూ పోతుంటే ఎంత ముద్దుగా ఉందోనని ఫోనులో వీడియోలు తీసుకున్నాను. ఇప్పటికీ ఆ వీడియోలు చూస్తే నన్ను నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

మూడు వారాల్లో దాని కుడి వెనక కాలు పక్కకి తిరిగిపోయింది. కూర్చుంటే ఆ కాలు ఒంటి కిందికి రాదు, తెడ్డులా బయటికి చాచి ఉంటుంది. ముందు కాళ్లతో పాకుతూ, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ వచ్చేది. నాన్నతో కలిసి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మంచి మనిషి, నిదానంగా పరీక్షించాడు. తుంటి కీలు వదులైందనీ, కింద ఎముక కూడా తిరగడం మొదలైందనీ, లేత వయసు కాబట్టి రెండు కాళ్లనూ దగ్గరికి కట్టి ఉంచితే దారికి రావచ్చు, రాకపోవచ్చు అనీ చెప్పాడు. "ఒక సంగతి ముందే చెబుతున్నానమ్మా. ఇది లేవలేకపోతే తన తడిలో తనే పడి ఉంటుంది, చర్మం ఒరిసిపోతుంది. ఎండలు ముదిరి ఈగలు వాలి పురుగు పడితే ఆ బాధ చూడలేం. ఆ స్థితి వచ్చేలోపే నిద్రపుచ్చడం దాని పట్ల దయ" అన్నాడు. ఇంటికొచ్చాక నాన్న, "హోలీ దాకా చూద్దాం అమ్మాయ్. ఆ తర్వాత మాత్రం దాన్ని హింస పెట్టనివ్వను" అన్నాడు. హోలీకి అప్పటికి ఎనిమిది వారాలుంది.

మా పెరటి గోడ అవతల ఎల్లవ్వ కొట్టం. నాలుగు బర్రెలు, ఒక పెయ్యదూడ, ఎత్తుగా పేడకుప్ప. అరవై దాటిన బక్కపలచటి మనిషి, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన చీర, చెంపలో ఎప్పుడూ తంబాకు. పేడ వాసన వస్తోందని నాన్న ఒకసారి గోడ మీంచి చెప్పబోతే, "మీ ఇల్లు నిన్న వచ్చింది సారూ, నా బర్రెలు మీ పునాది తవ్వకముందు సంది ఉన్నయ్" అని నోరు మూయించింది. పంచదార వచ్చిన కొత్తలోనే దాన్ని గోడ మీంచి చూసింది. "గదేంది పోరీ, చెవులపిల్లా? పాలిస్తదా?" అని అడిగింది. ఇవ్వదన్నాను. "దున్నుతదా?" దున్నదన్నాను. "మరెందుకు సాదుతున్నవ్?" ముద్దుగా ఉందని అన్నాను. పేరు చెబితే ఇంకా నవ్వింది. "పంచదారేంది, సక్కగ చక్కెర అనరాదు?" అంది. ఆ రోజు నుంచి ఆమెకది చక్కెరే. ఆ కుందేలు కూడా నేను పిలిస్తే పంచదారగా ఒక చెవి, ఆమె పిలిస్తే చక్కెరగా రెండు చెవులూ ఎత్తేది, నాకు ఒళ్లు మండేది.

డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన సాయంత్రం పెరటి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. గోడ మీద ఎల్లవ్వ తల కనబడింది. సంగతి చెప్పాను. వెటకారమేదో చేస్తుందని కాచుకున్నాను. ఆమె కుందేలు కాలు వంక చూడను కూడా చూడలేదు. "మీ ఇంట్ల బండలు ఎట్లుంటయి?" అంది. పాలరాయి అన్నాను, కాస్త గొప్పగానే అన్నాను. "అట్లనా. ఇటు రా" అని వెనక దారి నుంచి కొట్టంలోకి తీసుకుపోయి, బర్రెల కింద నేల మీద చెయ్యి పెట్టి చూడమంది. పేడ నేల మీద నేనా అనుకున్నాను, పెట్టాను. బండలన్నిటికీ అడ్డంగా గాట్లు, వేలి వెడల్పున, దగ్గర దగ్గరగా. ఉలీ సుత్తీ పట్టుకుని ఆమె తన చేత్తో కొట్టుకున్నవి. ఆ చివర నిలబడి ఉన్న పెద్ద బర్రెను చూపించి చెప్పింది: "ఇది గంగ. గీ బండల మీదనే జారి, ఎనక కాళ్లు చెరో దిక్కు వెట్టి పడ్డది. కటికోనికి ఇచ్చెయ్యమని అందరు జెప్పిన్రు. నేనియ్యలే. కాళ్లకు బందం ఏసిన, కింద ఇసుక వోసి చెరుకాకు పరిచిన. తొమ్మిదో నాడు లేసి నిలవడ్డది. ఇప్పుడు నా మీదికే కొమ్ములిసురుతది, దొంగది." గంగ తన సంగతే మాట్లాడుతున్నారని తెలిసినట్టు తోక ఆడించింది. నేను ఊరుకోలేక, మా ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటుందో తెలుసా అన్నాను. "శుభ్రం నీకు. దానికి పట్టు గావాలె" అంది ఎల్లవ్వ. "కాలుది తప్పు గాదు బిడ్డా. జారేటి జాగల పసిదాన్ని ఇడిసినవు. పట్టు దొర్కకపాయె, ఆ కాలు ఏం జేస్తది?" ఒక సంవత్సరం కాళ్ల గురించే చదివినదాన్ని, ఆ మాట నాకెందుకు తట్టలేదా అని సిగ్గుతో చచ్చిపోయాను.

బందమంటే వెనక కాళ్లు రెండూ మరీ ఎడం కాకుండా మధ్యలో కాస్త సందు వదిలి కట్టే కట్టు. ఎల్లవ్వ తన పాత నూలు చీర అంచును వేలెడు వెడల్పున చింపింది. నువ్వే కట్టవ్వా అని కుందేలును ఆమె ఒళ్లో పెట్టబోయాను. తీసుకోలేదు. "నేన్గట్ట. పొద్దుమాపు ఇప్పి కట్టాలె, నేనేడ వస్త మీ ఇంటికి? నీ చేతులకేమైంది?" అంది. తర్వాత తన రెండు చూపుడు వేళ్లూ నా ముందు చాచింది. "ఇవి దాని కాళ్లనుకో. కట్టు." కట్టాను. "నొప్పయితుంది. మల్ల." విప్పి కట్టాను. "ఊడిపోతుంది. మల్ల." బర్రెలు అరుస్తున్నాయి, పాలకొచ్చినవాళ్లు చెంబులు పట్టుకుని నవ్వుతున్నారు, ఆమె మాత్రం వేళ్లు దించలేదు. ఎన్నిసార్లు కట్టానో లెక్కలేదు, చివరికి ఆమె వేళ్ల మీద ఎర్రటి చారలు పడ్డాయి. కట్టుకూ వేలికీ మధ్య గడ్డిపరక దూర్చి చూసుకుని, అది సులువుగా పోయాక అప్పుడు, "ఆఁ, ఇప్పుడు పిల్లను తే" అంది.

కుందేలుకు కట్టు వేసేముందు ఇంకో పని చేయించింది. పంచదార మంచి కాలు పట్టుకోమంది. "కండ్లు మూస్కో. తుంటి సంది గోరు దాంక మెల్లగ తడుము. ఎముక ఏ దిక్కు వంగింది, యాడ లావున్నది, నీ చేతికి తెల్వాలె. మంచిది చేతికి తెలిసినంకనే చెడ్డది పట్టు" అంది. నేను కళ్లు మూసుకుని ఆ సన్నటి కాలు తడిమాను. హాస్టల్లో పుస్తకం ముందేసుకుని అరిచి అరిచి చదివిన గుండ్రాలూ గట్లూ వంపులూ నా వేళ్ల కింద ఉన్నాయి, అంత చిన్నవిగా, వెచ్చగా. కళ్లు తెరిస్తే ఎల్లవ్వ నన్నే చూస్తోంది. "ఏం, దొర్కిందా?" అంది. దొరికిందన్నాను. ఆ రోజు నాకు దొరికింది ఎంతో అప్పటికి నాకే తెలియదు.

ఇక మా ఇంట్లో మొదలైంది రామరావణ యుద్ధం. ఎల్లవ్వ తవుడు సంచులు ఉతికి ఇచ్చింది. వాటిని విప్పి, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచాను. అమ్మ గుండెలు బాదుకుంది. "లక్షణంగా ఉన్న ఇంటిని మిల్లు చేశావు కదే, చుట్టాలొస్తే ఏం చెప్పను?" అంది. చుట్టాలు రానే వచ్చారు. తెనాలి నుంచి వచ్చిన నాన్న పెదనాన్న కొడుకు గుమ్మంలో నిలబడి నేల వంక చూసి, "ఏరా, గీతలు పడకుండా కప్పావా? ముందుచూపే!" అన్నాడు. నాన్న ఒక్క క్షణం నా వంక చూసి, "ఆఁ అన్నయ్యా, ఖరీదైన రాయి కదా" అనేశాడు. వంటింట్లో అమ్మ కొంగు, నేను చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వాం. అనాటమీ తప్పాక మేమిద్దరం కలిసి నవ్వింది అదే మొదటిసారి.

రోజూ మూడుసార్లు కట్టు విప్పి, కాళ్లు మడిచి చాపి, గోరువెచ్చటి నీళ్లతో వెనకంతా కడిగి పొడిగా తుడిచి, మళ్లీ కట్టేదాన్ని. నాలుగు వారాలకు ఆ కాలు సగం దూరం లోపలికొచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఎంత చేసినా అంతే. హోలీ దగ్గరికొస్తోంది, మధ్యాహ్నాలు వేడెక్కుతున్నాయి, ఒకటి రెండు ఈగలు అప్పుడే హాల్లో తిరుగుతున్నాయి. నాకు ఓపిక లేదని ముందే చెప్పాను కదా. మా ఇంట్లో ఎవరి కాలు బెణికినా పసుపూ సున్నమూ రంగరించి వెచ్చటి పట్టు వేస్తారు. అమ్మకు తెలిసినవాళ్లు ధర్పల్లి నుంచి పంపిన కొత్త పసుపు డబ్బా నిండా ఉంది. మనుషుల కీలు దారికొచ్చినప్పుడు కుందేలు కీలు ఎందుకు రాదనుకున్నాను. ఎల్లవ్వను అడగలేదు. వద్దంటుందని లోపల ఎక్కడో తెలుసు, అందుకే అడగలేదు. తుంటి నుంచి మోకాలి దాకా దట్టంగా పట్టించి, ఇంకాస్త గట్టిగా బిగిస్తే త్వరగా వస్తుందని బిగించి కట్టి, పట్టు ఊడిపోకూడదని ఆ పూటంతా విప్పకుండా వదిలేశాను.

మర్నాడు పొద్దున పంచదార గడ్డి ముట్టలేదు. మూలకు ముడుచుకుని పళ్లు కొరుకుతోంది. పట్టు బొచ్చుతో కలిసి పెంకులా గట్టిపడిపోయింది, దాని అంచుల్లో చర్మం ఎర్రగా పొక్కింది, పాదం ఉబ్బింది. చెప్పుల్లేకుండా ఎల్లవ్వ దగ్గరికి పరిగెత్తాను. ఆమె చూడగానే కట్టు కోసేసింది, గోరువెచ్చటి నీళ్ల గిన్నె ముందేసుకుని కూర్చుంది. గుడ్డ తడిపి అద్దుతూ, నానిన ముక్కను వెంట్రుక వెంట్రుకగా విడదీస్తూ, పాలు పిండే పొద్దు దాటిపోయినా లేవలేదు. బర్రెలు అరిచి అరిచి ఊరుకున్నాయి. చివరి ముక్క ఊడాక అప్పుడు తిట్టింది. "నీకేస్తే మండుతుందని నోరు తెరిసి చెప్తవు. దానికి నోరున్నదా? జల్ది గావాల్నని దాని తోలు దీస్తవా? నీ జల్ది నీకాడ ఉంచుకో!" దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మందు రాసిచ్చి, చర్మం మానేదాకా వారం రోజులు కట్టు కట్టొద్దన్నాడు. ఆ వారంలో కాలు మళ్లీ పక్కకి జారడం మొదలైంది.

"ఇంక చాలు అవ్వా, నా వల్ల కాదు. వదిలేద్దాం" అన్నాను. ఎల్లవ్వ పేడ చేతులు కడుక్కుంటూ, నా వంక తిరక్కుండానే అంది: "పరీక్ష గిట్లనే ఇడిసిపెట్టొచ్చినవా?" అమ్మ ఎప్పుడో చెప్పేసిందన్నమాట. చెంప మీద కొట్టినట్టయింది. కోపంతో వెళ్లిపోదామని లేచాను కూడా. "కూసో" అంది. "తప్పు జేసినవు. అయిపాయె. కడిగినం గదా. కట్టు లేకుంటే ఏం జెయ్యాల్నో సూడు, నువ్వు సదువుకున్నదానివి." ఎవరూ నన్ను అప్పటిదాకా అలా అడగలేదు. తప్పావు, ఎందుకు తప్పావు, రేపేం చేస్తావు అని అడిగారు తప్ప, నీకు తెలిసిందేదో చెప్పు అని అడగలేదు. నేను ఆలోచించాను. మొదటి ఏడాదిలో ఒక పెద్దాయనకు నడుము కింద గుడ్డ వేసి పట్టుకుని నిలబెట్టడం చూశాను. ఆ మాట చెప్పాను. ఎల్లవ్వ లోపలికి పోయి మెత్తటి తువ్వాలు తెచ్చింది. దాన్ని పంచదార పొట్ట కింద నుంచి వేసి ఇద్దరం చెరో కొసా పట్టుకుని, బరువు కొంచెం మాది, కొంచెం దానిది అన్నట్టు, పాదాలు రెండూ గోనె మీద ఆనేలా నిలబెట్టేవాళ్లం. రోజూ పాలు పిండడం అయ్యాక ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాల వేళ ఒకసారి. చర్మం మానాక కట్టు మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి గడ్డిపరక దూరకుండా ఒక్కసారి కూడా ముడి వేయలేదు. పాలకొచ్చేవాళ్లు, "ఏమే ఎల్లవ్వా, బర్రెలిడిసి చెవులపిల్లికి తువ్వాల పట్టినవేంది?" అని ఆటపట్టించేవారు. "కాముని పున్నం నాటికి ఇది నడవకుంటే నా పేరు ఎల్లవ్వ గాదు, రాసుకోండ్రి" అని అందరి ముందూ శపథం చేసేది. వాళ్లు పోయాక మాత్రం నాతో మెల్లగా, "నడుస్తది గదా బిడ్డా?" అని అడిగేది. అప్పుడు నాకామె మీద ఎక్కడలేని ప్రేమ వచ్చేది.

కామదహనం రోజు రానే వచ్చింది. తెల్లారితే హోలీ. కట్టు తీసేసి రెండు రోజులైంది. కాలు లోపలికే ఉంది, పక్కకి పోవడం లేదు, కానీ పంచదార దాన్ని నమ్మడం లేదు. నిలబడే ప్రయత్నమే చేయదు, పాత అలవాటుగా ఈడ్చుకుంటూనే వస్తుంది. సాయంత్రం నాన్న పెరట్లోంచి ఎల్లవ్వ కొట్టం దాకా వచ్చాడు. ఇల్లు కట్టాక ఆ వైపు రావడం అదే మొదలు. గోడకానుకుని నిలబడ్డాడు. ఎందుకొచ్చాడో నాకు తెలుసు. అప్పుడే ఎడ్లబండి మీద చెరుకు కొసలు వచ్చాయి. కోత కోసినప్పుడు గడ పైన మిగిలే పచ్చటి ఆకుల మొవ్వలు, బర్రెలకు అవి ప్రాణం. కొట్టం ముందు కుప్ప పోశారు. పంచదార గోనె మీద నా పక్కనే ఉంది. ముక్కు ఆడించింది. ఈడ్చుకుంటూ కుప్ప దాకా పోయింది. కింద ఉన్నవి ముదురాకులు, కొరికి వదిలేసింది. లేతాకు ఒకటి పైన వేలాడుతోంది, మెడ చాస్తే అందలేదు. నేను తీసి ఇవ్వబోయాను. ఎల్లవ్వ నా రెక్క పట్టుకుంది. "ఆగు. ఇయ్యకు" అంది.

అది మళ్లీ మెడ చాచింది. అందలేదు. ఓ క్షణం కదలకుండా కూర్చుంది. తర్వాత ఆ కుడి పాదాన్ని ఒంటి కిందికి తనే లాక్కుంది. గోనె మీద గోళ్లు దిగడం నేను చూశాను. ముందు కాళ్లు రెండూ కుప్పకు ఆనించి, వెనక కాళ్ల మీద, రెండింటి మీదా, నిటారుగా లేచి నిలబడింది. వణికింది. పడలేదు. లేతాకు అందుకుని లాగి, నిలబడే కరకరా నమలడం మొదలుపెట్టింది. ఎల్లవ్వ చేతిలో పాలచెంబు కింద పడింది. "పాలిచ్చింది!" అని కేక పెట్టింది. "పోరీ, నీ చెవులపిల్లి పాలిచ్చిందే! ఓ బాపు, సూడు, పాలిచ్చింది!" అని నాన్నను పట్టుకుని ఊపేసింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాక, అయినా నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, "చూశానమ్మా, చూశాను" అన్నాడు. నేను ఎల్లవ్వను గట్టిగా పట్టుకుని బిగ్గరగా ఏడ్చాను. ఆమె ఒంటి నుంచి తవుడు వాసన, తంబాకు వాసన. అంత మంచి వాసన నాకింకేదీ తెలియదు.

మర్నాడు రంగులు చల్లుకుంటున్న వీధిలోంచి పంచదారను చూడటానికి జనం కొట్టం దాకా వచ్చారు. శపథం విన్నవాళ్లందరినీ పేరు పెట్టి పిలిచి మరీ చూపించింది ఎల్లవ్వ. వారం తిరక్కుండా అది గంగ కాళ్ల మధ్య నుంచి గంతులేస్తూ దూసుకుపోయేది, గంగ బుస్సుమనేది. ఆ కుడి పాదం చివరిదాకా కొంచెం బయటికే చూసేది, మెట్లెక్కితే తడబడేది. అయినా ఆరేళ్లు బతికింది, ఒక్కరోజు కూడా తన తడిలో తను పడి ఉండలేదు. నాన్న హాల్లో గోనెలు తీసేయమనలేదు. బజారు నుంచి తనే గరుకు కొబ్బరిపీచు పట్టాలు కొలత పెట్టి తెచ్చి పరిచాడు. ఇప్పుడు మా ఇంటికొచ్చినవాళ్లకు కాఫీ కంటే ముందు కుందేలు కథ చెబుతాడు.

ఆ వేసవిలో నేను పరీక్ష మళ్లీ రాశాను. ఎముక చేతికిచ్చారు. కళ్లు మూసుకున్నాను. "నిద్రొస్తోందా అమ్మా?" అని ఎగ్జామినరు వెటకారం చేశాడు. తల నుంచి చివరిదాకా మెల్లగా తడిమి, "ఎడమ కాలిదండీ, తొడ ఎముక" అన్నాను. ఎలా చెప్పావంటే, చేతికి తెలిసిందన్నాను. పాసైన సంగతి ముందు ఎల్లవ్వకే ఫోను చేసి చెప్పాను. "నువ్వు కూడ పాలిస్తున్నవు పో" అని నవ్వింది. రెండేళ్ల కిందట, వానాకాలంలో, నాలుగు రోజులు జ్వరం పడి పోయింది. చివరిసారి చూడటానికి పోయినప్పుడు మంచంలో ఉండి కూడా, దవాఖానకు ఎట్లాంటి పిల్లలు వస్తున్నరు, ఎవరు నడుస్తున్నరు అని ఒక్కొక్కరి సంగతీ అడిగింది. అందరి సంగతీ చెప్పాను. బర్రెలను ఆమె కొడుకు అమ్మేశాడు. కొట్టంలో గాట్లు పడిన బండలు మాత్రం అలాగే ఉన్నాయి. బోధన్ పోయినప్పుడల్లా చెప్పులు విప్పి వాటి మీద కాసేపు నిలబడి వస్తాను. అంత గట్టిగా నిలబడినట్టు నాకు ఇంకెక్కడా ఉండదు.

నిన్న మెండోర అవ్వ నా ప్రశ్నకు జవాబు చెప్పింది. "కొత్తిల్లు గట్టినం బిడ్డా. అంతా టైల్సే. అద్దం లెక్క ఉంటయి" అంది, కాస్త గొప్పగానే. నాకు నవ్వాగలేదు. ఆమె చంకలో సంచి అడిగి తీసుకుని, క్లినిక్ నేల మీద పరిచాను. పిల్ల బూట్లూ మేజోళ్లూ విప్పి, వట్టి పాదాలతో దాని మీద దించాను. ఏడవబోయి ఆగింది. కాలివేళ్లతో గోనెను గీకి చూసింది. నా రెండు వేళ్లూ పట్టుకుంది. ఒక వేలు మెల్లగా తీసుకున్నాను. ఆ తర్వాత రెండోది. పిల్ల అలాగే నిలబడి, అవ్వ వంక చూసి, తన కాళ్ల వంక చూసుకుని నవ్వింది. "పాలిచ్చింది!" అని నేను పెట్టిన కేకకు పక్క గదిలోంచి నర్సు పరిగెత్తుకొచ్చింది.

"ఏందమ్మా, ఏమిచ్చింది?" అని అవ్వ కంగారుగా అడిగింది. చెబుతాను కూర్చోమన్నాను. ముందు, పాదాలు మళ్లీ లోపలికి తిరగకుండా నిద్రపోయేటప్పుడు పిల్లకు వేసే పట్టీల బూట్లు ఆమె చేతిసంచిలోంచి తీయించాను. చీలమండల దగ్గర పట్టీ ఒరిసిన ఎర్రటి గుర్తులు అప్పటికే చూశాను, ఎవరో త్వరగా నయం కావాలని బిగించి కడుతున్నారు. పట్టీలు అవ్వ చేతికిచ్చి, నా రెండు చూపుడు వేళ్లూ ఆమె ముందు చాచాను.

"ఇవి దాని కాళ్లనుకో అవ్వా. కట్టు."

ఆమె సిగ్గుపడుతూ కట్టింది.

"నొప్పయితుంది" అన్నాను. "మల్ల."